మనోవ్యాధికి మందుంది

మా ఇంట్లో ఏడాదికి సరిపడా కారం కాయలు మార్చిలో కొంటాం. ఆ పని నాన్నది. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్పై ఏళ్లకు పైగా గుమస్తాగా చేసిన మనిషి ఆయన. గుప్పెడు కాయలు తీసుకుని చెవి దగ్గర ఆడించేవారు, లోపల గింజ గలగలమంటుందో లేదో అని. తొడిమ తుంచి వాసన చూసేవారు. కాయను బొటనవేలితో నొక్కి, "ఇంకా రెండెండలు కావాలి" అనేవారు. అమ్మ చాల్లెమ్మన్నా వినేవారు కాదు. డాబా మీద పరదా పరిచి, ఆ రెండెండలూ తగిలాకే కాయల్ని మరకు పంపేవారు.

2024 మార్చిలో అమ్మే తెలిసినవాళ్ల చేత కాయలు తెప్పించింది. హాల్లో పరదా మీద పోసి, "ఒక్కసారి చూడండి, బాగున్నాయో లేదో" అంది. నాన్న కుర్చీలోంచి లేవలేదు. కాయల వైపు తల కూడా తిప్పలేదు. "ఏవో ఒకటిలే, పట్టించెయ్" అన్నారు.

అప్పటికి ఆయనకు గుండెపోటు వచ్చి మూడు నెలలు. నేను ఆ మాటను అంతగా పట్టించుకోలేదు, నీరసంగా ఉందేమో అనుకున్నాను. ఆ రాత్రి అమ్మ గిన్నెలు సర్దుతూ నెమ్మదిగా అంది: "మీ నాన్న బెంగ పెట్టుకున్నారే. ఇట్లా బెంగ పెట్టుకుంటే మనిషి దక్కడమ్మా."

అమ్మ హైస్కూలు గడప తొక్కలేదు. ఆమె అన్నది అక్షరాలా నిజమని నాకు తెలియడానికి ఇంకో నెల పట్టింది.

బెంగకు ప్రాణం తీసే శక్తి ఉందని తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. "కొడుకు పోయిన బెంగతో ఏడాది తిరక్కుండానే పోయింది" అంటాం. "మనేద పెట్టుకుని చిక్కి సగమయ్యాడు" అంటాం. మన మాటల్లో మనసూ గుండే ఒకచోటే ఉంటాయి. దుఃఖమొస్తే గుండె చెరువవుతుంది, భయమేస్తే గుండె జారుతుంది, తెగించినవాడిని గుండె గలవాడంటాం. ఇంత తెలిసిన భాషలోనే ఒక సామెత కూడా ఉంది: మనోవ్యాధికి మందు లేదు. నా తగాదా ఆ సామెతతో. బెంగ మనిషిని తీసుకుపోతుందన్నది నిజం. దానికి మందు లేదన్నది ఒకప్పటి మాట. మనం మాత్రం ఇళ్లల్లోనూ ఆసుపత్రుల్లోనూ ఆ పాత మాట మీదే నడుస్తున్నాం.

నాన్నకు గుండెపోటు వచ్చింది 2023 డిసెంబరులో. పొద్దున్నే స్నానం చేసి చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగిపోయారు. ఛాతీ మీద బండ పెట్టినట్టుందన్నారు. ఒళ్లంతా చెమట. ఎదురింటి అబ్బాయి కారులో గంటలోపే ఆసుపత్రికి చేర్చాం. ఈసీజీ చూడగానే క్యాథ్‌ల్యాబ్‌లోకి తీసుకెళ్లి, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే స్టెంటు వేశారు. ఆరోగ్యశ్రీ కార్డు మీద (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) చేతి నుంచి పెద్దగా డబ్బు పడకుండానే జరిగింది. ఆ వైద్యం చేసినవాళ్లకు మా ఇల్లు రుణపడి ఉంటుంది. ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇక రాయబోయేది వాళ్ల మీద ఫిర్యాదు అనుకోకూడదని.

డిశ్చార్జి కాగితాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలి, ఉప్పు ఎంత, నూనె ఎంత, పచ్చళ్లు వద్దు, మెట్లు ఎప్పటినుంచి ఎక్కవచ్చు, బరువులు ఎప్పటిదాకా ఎత్తకూడదు. నాలుగు పేజీలు. మనసు గురించి ఒక్క ముక్క లేదు. వార్డు నుంచి వచ్చేస్తుంటే ఒక సిస్టర్ నాన్న భుజం తట్టి "ధైర్యంగా ఉండాలి పెద్దాయనా" అంది. మనసు విషయంలో మాకు అందిన సలహా అదొక్కటే.

ఇంటికొచ్చాక చూడవచ్చిన ప్రతివాళ్లూ అదే చెప్పారు. యాపిల్ పళ్లు, హార్లిక్స్ సీసా బల్ల మీద పెట్టి, "బావా, నువ్వే ఇట్లా డీలా పడితే ఎట్లా, గుండె దిటవు చేసుకో" అని ఒకరు. "అన్నయ్యా, స్టెంటంటే ఇప్పుడు మామూలైపోయింది, మా వియ్యంకుడు రెండు వేయించుకుని బండి తోలుతున్నాడు" అని ఇంకొకరు. అందరూ ప్రేమతోనే అన్నారు. నాన్న తలూపేవారు. వాళ్లు గేటు దాటాక ఆయన తల ఇంకాస్త కిందికి వాలేది. ఎవరైనా ధైర్యం చెప్పి వెళ్లినప్పుడల్లా, తనలో ఆ ధైర్యం లేకపోవడం తన తప్పే అనిపించేదని చాలా రోజుల తర్వాత ఆయనే చెప్పారు.

తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి వరండాలో కూర్చునేవారు. అది మాత్రల ప్రభావం అనుకున్నాం. అన్నం సగం వదిలేసేవారు. చప్పిడి కూరలు కదా, సహించడం లేదనుకున్నాం. నాలుగడుగులు వేసి కూలబడేవారు. గుండె బలహీనమైందనుకున్నాం. ఆవకాయ లేకుండా ముద్ద దిగని మనిషి, జాడీ అటక మీదికి ఎక్కించేస్తుంటే ఒక్క మాట అనలేదు. డాక్టరు మాట బుద్ధిగా వింటున్నారని సంతోషించాం కూడా. గుండెపోటు తర్వాత వచ్చే డిప్రెషన్ ఇట్లాగే దాక్కుంటుంది. నిద్ర లేకపోవడం, ఆకలి చావడం, అలసట, ఛాతీలో బరువు, వీటిలో ప్రతిదానికీ గుండె మీదో మందుల మీదో వేయదగ్గ కారణం సిద్ధంగా ఉంటుంది.

ఏప్రిల్ మొదటి వారంలో, బ్రాడీపేటలో మేం ఎప్పుడూ మందులు కొనే షాపులో కుర్రాడు నన్ను చూసి అడిగాడు: "మేడమ్, నాన్నగారి మాత్రలు పోయిన నెల తీసుకెళ్లలేదు. వేరే చోట కొంటున్నారా?"

ఇంటికొచ్చి మాత్రల డబ్బా మంచం మీద గుమ్మరించాను. లెక్కల టీచర్ని, లెక్కపెట్టకుండా ఉండలేను. ఫిబ్రవరి 20న కొన్న క్లోపిడోగ్రెల్ ముప్పై మాత్రలు. ఏప్రిల్ 4 నాటికి డబ్బాలో పదిహేడు ఉన్నాయి. నలభై నాలుగు రోజుల్లో వేసుకున్నవి పదమూడు. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నవాళ్లకు మామూలుగా ఏడాది పాటు ఆస్పిరిన్‌తో కలిపి ఈ రెండో మాత్ర కూడా ఇస్తారు, స్టెంటు లోపల రక్తం గడ్డకట్టకుండా. మొదటి నెలల్లో మానేస్తే స్టెంటు ఉన్నట్టుండి మూసుకుపోవచ్చు. ఆ సంగతి నాన్నకు తెలుసు. డాక్టరు ఆయన ఎదురుగానే చెప్పారు.

"ఏంటి నాన్నా ఇది?" అన్నాను. ఆయన కోప్పడలేదు, సాకు చెప్పలేదు. "వేసుకుని మాత్రం ఏం చేయాలమ్మా" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేశాను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ అది. తెలుగులోనే మాట్లాడారు. "ఇంకెందుకు బతకడం" అనే అర్థం వచ్చే మాటలు ఏమైనా అంటున్నారా అని అడిగారు. అప్పుడు గానీ నాకు వెలగలేదు, ఆయన అన్నది ఆ మాటేనని. ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకు చూపించమన్నారు.

చెప్పగానే బాబాయి లేచాడు. "పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా అన్నయ్యని? ఇంట్లో పెళ్లి కావాల్సిన పిల్ల ఉంది, నలుగురూ ఏమనుకుంటారు?" ఆ పిల్ల మా చెల్లెలు. "నాన్న కంటే నా పెళ్లి ఎక్కువా బాబాయ్" అని అదే నోరు మూయించింది. ఇంకో రెండు రోజులు వాదనలు నడిచాయి, అవి రాయను.

కొత్తపేటలో గుండె డాక్టర్ల బోర్డులూ మానసిక వైద్యుల బోర్డులూ ఒకే వీధుల్లో కనబడతాయి. మేం వెళ్లిన డాక్టరమ్మ ముందుగా ఈసీజీలు, మందుల చీటీలు అన్నీ చూసింది. తర్వాత నాన్నను రెండే ప్రశ్నలు అడిగింది. గత రెండు వారాల్లో, ఇంతకు ముందు ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి పోయిందా? దిగులుగా, ఇక ఏ ఆశా లేనట్టుగా అనిపించిందా? ఒక్కోదానికి నాలుగు జవాబులు. అస్సలు లేదంటే సున్నా, కొన్ని రోజులంటే ఒకటి, సగం రోజుల పైనే అంటే రెండు, దాదాపు రోజూ అంటే మూడు. మొత్తం మూడు దాటినా, మూడే వచ్చినా ఇంకా లోతుగా పరీక్షించాలి. నాన్నకు ఆరు వచ్చింది. మొదటి ప్రశ్న వినగానే నా కళ్ల ముందు మెదిలింది పరదా మీద పోసిన మిరపకాయలు.

ఆ తర్వాత నేను చాలా చదివాను. 1993లో కెనడాలోని మాంట్రియల్‌లో నాన్సీ ఫ్రేజర్ స్మిత్ బృందం గుండెపోటుతో ఆసుపత్రిలో ఉన్న 222 మందిని పరీక్షించి, ఆరు నెలల పాటు గమనించింది. గుండె ఎంత దెబ్బతింది వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, డిప్రెషన్ ఉన్నవాళ్లకు చావు ముప్పు నాలుగు రెట్ల పైనే ఉందని తేలింది. అది చిన్న అధ్యయనం, చనిపోయినవాళ్లు పన్నెండు మందే. తర్వాత పెద్ద సంఖ్యలతో వేసిన లెక్కలు అంత ఎక్కువ కాదు గానీ రెండు రెట్లకు పైగానే అన్నాయి. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ నిపుణులు, గుండెపోటు రోగుల విషయంలో డిప్రెషన్‌ను కూడా ముప్పు కారణాల్లో ఒకటిగా గుర్తించాలని సిఫారసు చేశారు. దారి ఒకవైపే కాదు. గుండె బాగున్న మనిషికి డిప్రెషన్ ఉన్నా, ముందు ముందు గుండెజబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే పెరుగుతుంది.

ఎందుకు? సగం జవాబు మా మాత్రల డబ్బాలోనే ఉంది. 2000లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, డిప్రెషన్ ఉన్న రోగులు వైద్యం సరిగ్గా పాటించకపోయే అవకాశం మూడు రెట్లు అని తేలింది. మాత్ర మానేస్తారు, నడక మానేస్తారు, మానేసిన సిగరెట్ మళ్లీ మొదలుపెడతారు. మిగతా సగం ఒంట్లో జరుగుతుంది. బెంగలో ఉన్న శరీరం ఎప్పుడూ అపాయం పొంచి ఉన్నట్టే ఉంటుంది. కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్ల తీరు మారుతుంది. రక్తంలోని ప్లేట్‌లెట్లు తొందరగా గుమిగూడతాయి, అంటే గడ్డ కట్టే గుణం పెరుగుతుంది. సీఆర్పీ అనే రక్తపరీక్షలో కనబడే ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంటి లోపలి వాపు, ఎక్కువవుతుంది, రక్తనాళాల గోడలకు అది మంచిది కాదు.

ఇంకొకటి నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. ఆరోగ్యంగా ఉన్న గుండె గడియారంలా టిక్కు టిక్కుమని ఒకే తీరుగా కొట్టుకోదు. ఊపిరి లోపలికి పీల్చినప్పుడు కొంచెం వేగంగా, వదిలినప్పుడు కొంచెం నెమ్మదిగా, క్షణక్షణానికీ సర్దుకుంటూ ఉంటుంది. డిప్రెషన్‌లో ఆ సర్దుబాటు తగ్గుతుంది. గుండెపోటు తర్వాత ఆ సర్దుబాటు బాగా తగ్గినవాళ్లకు ప్రమాదం ఎక్కువని ముందునుంచీ తెలుసు. వరండాలో మూడింటికి కదలకుండా కూర్చున్న నాన్న గుండె కూడా లోపల అట్లా బిగుసుకుపోయి ఉందేమో అనిపించింది.

"గుండెపోటు వచ్చినవాడికి దిగులుండదా, అది సహజమే కదా" అని నాతో చాలామంది అన్నారు, మా స్కూల్లో సైన్సు టీచరుతో సహా. గుండెపోటు వచ్చిన ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి డాక్టర్లు మేజర్ డిప్రెషన్ అనే స్థాయి జబ్బు ఉంటుంది. అంటే మిగతా నలుగురికి ఆ స్థాయిలో ఉండదు. నాలుగు రోజులు భయపడతారు, నెమ్మదిగా తేరుకుని పనుల్లో పడతారు. భయం సహజం. మూడు నెలలు గడిచినా ఇష్టమైన పని వైపు తల తిప్పకపోవడం, బతికించే మాత్రను పక్కన పెట్టేయడం సహజం కాదు. సహజమే అని వదిలేసిన ప్రతి ఇంట్లోనూ ఆ ఐదో మనిషి ఒంటరిగా మిగిలిపోతాడు.

దీనికంటే గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాచను. డిప్రెషన్‌కు వైద్యం చేస్తే గుండె రోగులు ఎక్కువ కాలం బతుకుతారా అని అమెరికాలో 2,481 మందితో పెద్ద పరిశోధన చేశారు. ఫలితాలు 2003లో వచ్చాయి. కౌన్సెలింగ్, అవసరమైనవాళ్లకు మందులు ఇస్తే మనసు కొంత తేలికపడింది గానీ, చావుల్లోనూ మళ్లీ వచ్చిన గుండెపోట్లలోనూ తేడా కనబడలేదు. మొదటిసారి చదివినప్పుడు నా గుండె నీరైంది. తర్వాత ఆలోచిస్తే కోపం వచ్చింది, ఆ పరిశోధన మీద కాదు, దాన్ని చూపించి "అయితే ఎందుకు" అనేవాళ్ల మీద. నాన్న ఆ నాలుగు నెలలు పడ్డది బాధ కాదా? మోకాలి నొప్పికి వైద్యం చేసేటప్పుడు దానివల్ల ఆయుష్షు పెరుగుతుందా అని ఎవరూ అడగరు. మనసు నొప్పికి మాత్రం ఆ పరీక్ష ఎందుకు పెట్టాలి? డిప్రెషన్ తగ్గడమే ఒక ఫలితం. ఆ మందులు గుండె రోగులకు ప్రమాదమేమో అన్న భయానికి కూడా జవాబు దొరికింది. పాతకాలపు ట్రైసైక్లిక్ మందులు గుండె లయను దెబ్బతీస్తాయి, నిజమే. సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మందు మాత్రం గుండెపోటు నుంచి అప్పుడే తేరుకుంటున్నవాళ్లకు కూడా సురక్షితమేనని 2002లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది.

నాన్నకు డాక్టరమ్మ రాసింది అదే. చిన్న మోతాదుతో మొదలుపెట్టింది. రక్తం పలచబడే మాత్రలతో కలిసినప్పుడు రక్తస్రావం ముప్పు కొంచెం పెరుగుతుందని, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, విరేచనం నల్లగా అయినా వెంటనే చెప్పమని నాకు రెండుసార్లు చెప్పింది. గుండె డాక్టరుకు ఒక చీటీ రాసిచ్చింది. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుందని, బాగుందని మధ్యలో సొంతంగా ఆపొద్దని, రోజూ కాసేపు నడక కూడా వైద్యమేనని చెప్పింది. మాత్రల డబ్బా ఆ రోజునుంచి అమ్మ చేతికి మారింది.

అద్భుతాలేమీ జరగలేదు. మే నెలంతా అట్లాగే గడిచింది. జూన్‌లో ఒకరోజు ఐదింటి దాకా నిద్రపోయారు. ఆగస్టులో సాయంత్రం వీధి చివరిదాకా, తర్వాత ఎన్టీఆర్ స్టేడియం దాకా నడక మొదలైంది. సెప్టెంబరులో మళ్లీ వారం రోజులు మంచం దిగలేదు, మోతాదు పెంచారు. నిరుడు మార్చిలో అమ్మ కాయలు పోసినప్పుడు కుర్చీ ముందుకు జరుపుకుని గుప్పెడు తీసుకున్నారు. చెవి దగ్గర పెట్టుకోలేదు గానీ, బొటనవేలితో నొక్కి "తేమ ఉంది" అన్నారు.

2016లో మన గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో గుండె మార్పిడి ఆపరేషన్ జరిగింది. ఒక మనిషి గుండెను ఇంకో మనిషిలో పెట్టి కొట్టుకునేలా చేయగలిగిన ఊరు ఇది. అదే ఊళ్లో స్టెంటు వేసి పంపేటప్పుడు ఆ రెండు ప్రశ్నలు అడగడానికి ఒక నిమిషం దొరకదంటే నేను ఒప్పుకోలేను. డాక్టర్లకు తీరిక లేదు, చూస్తూనే ఉన్నాను, ఓపీలో జనం గోడలకు ఆనుకుని నిలబడి ఉంటారు. అయితే సిస్టర్లు అడగవచ్చు. డిశ్చార్జి కాగితంలో ఉప్పు, నూనె కింద రెండు లైన్లు వేయవచ్చు, పక్కన 14416 రాయవచ్చు. మొదటి రివ్యూలో బీపీ చూసే మనిషే అడిగి అంకె వేసుకోవచ్చు. అడిగి ఊరుకుంటే లాభం లేదు, ఎక్కువ వచ్చినవాళ్లను పంపడానికి ఒక చోటు ఉండాలి. ఉంది కూడా. జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. కార్డియాలజీ నుంచి అక్కడికి ఒక చీటీ రాయడమే కావలసింది. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు కూడా ఒంటి జబ్బుకూ మనసు జబ్బుకూ తేడా చూపకూడదు.

ఆసుపత్రులు మారేదాకా ఆగక్కర్లేదని నేనే మొదలుపెట్టాను. నాన్న బీపీ రాసే నోట్‌బుక్‌లో ప్రతి నెల ఒకటో తారీఖున రెండు ప్రశ్నలూ అడిగి అంకెలు వేస్తున్నాను. మొదట్లో విసుక్కునేవారు, ఇప్పుడు నేను మర్చిపోతే ఆయనే గుర్తుచేస్తున్నారు. ఈ నెల మొదటిదానికి "సున్నా వేసుకో" అన్నారు. రెండోదానికి కాసేపు ఆగి "ఒకటి వెయ్యి" అన్నారు.

అమ్మ పక్కనే కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. రెండేళ్లుగా ఆయన మాత్రలు, ఆయన తిండి, ఆయన నిద్ర, అన్నీ ఆమే చూసుకుంటోంది. ఆమెను ఒక్కరం కూడా అడగలేదని నాకు అప్పుడే తట్టింది. "నాకెందుకే" అంది. మళ్లీ అడిగాను. పిక్కలు తీయడం ఆపకుండానే రెండింటికీ జవాబు చెప్పింది. కూడితే నాలుగు. కింద గీత గీసి అమ్మ పేరుతో ఇంకో వరుస మొదలుపెట్టాను, సోమవారానికి డాక్టరమ్మ దగ్గర టోకెన్ తీసుకున్నాను.